దొర పెట్టెలో నూకగింజ

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నంతలో చెప్పలేను. అబద్ధాలాడతానని కాదు, ఉన్నదాన్ని కాస్త ఊది పెద్దది చేస్తాను. నేను తుఫానొస్తోందంటే మా ఆవిడ పెరట్లో ఆరేసిన బట్టలు కూడా తీయదు. కడుపులో కత్తులు తిరుగుతున్నాయని డాక్టరు దగ్గర మొరపెట్టుకుంటే ఆయన గోలీసోడా తాగి పడుకోమంటాడు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఎత్తులూ బరువులూ ఎవరికి తోచినంత వారు తగ్గించుకోవచ్చు, నేనేమీ అనుకోను. పెంచినది సరే, పూర్తిగా కల్పించినది మాత్రం ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

అరవైల చివర్లో నేను విజయనగరంలో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రెండేళ్ళు చూసి ఖాయం చేస్తామన్నారు, ఆ రెండేళ్ళూ ఆ దసరా నెలకి నిండుతున్నాయి. ఆ సంగతికి ఈ కథలో పెద్ద పనేమీ లేదు. ఊరికే చెప్పాను.

మా లాబులో ఒక కండెన్సరు ఉండేది. రేడియోలో స్టేషను కోసం గుండీ తిప్పుతాం కదా, అప్పుడు లోపల అర్ధచంద్రాల్లాంటి రేకులు కొన్ని కదలకుండా నిలబడి ఉంటాయి, కొన్ని వాటి సందుల్లోకి తిరుగుతాయి. ఎంత లోపలికి దూరితే అంత విద్యుత్తు పడుతుంది. రేకుకి రేకు తగలకూడదు, మధ్యలో ఉండాల్సింది గాలి ఒక్కటే. మా కండెన్సరూ ఆ జాతిదే. కానీ రేడియోలోది గుమస్తా అయితే ఇది జమీందారు. ఏదో సీమ కర్రతో చేసిన పెట్టె, నల్లటి ఇనప మొహం, దానిమీద రెండు డయళ్ళు. చిన్న డయలు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే పెద్దది చీమంత జరుగుతుంది. ఇది కొలిచేది మైక్రోమైక్రోఫారడ్లలో, అంటే పదిలక్షో వంతులో మళ్ళీ పదిలక్షో వంతు. ఇంత చిన్నదాన్ని కొలవడానికి ఏనుగుపిల్లంత పెట్టె ఎందుకో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

అది ఓడలో వచ్చి, రైలెక్కి, విజయనగరం స్టేషనులో దిగిన రోజు కథలుగా చెప్పుకునేవారు. మా డిపార్టుమెంటు పెద్ద మేష్టారు రిక్షాలో దాన్ని కూర్చోబెట్టి, తాను పక్కన నడుస్తూ, తన గొడుగు దానికి పట్టి, స్టేషను నుంచి కాలేజీ దాకా వానలో తడుచుకుంటూ వచ్చారట. వారం రోజులు జ్వరం. జ్వరంలో కూడా దానిమీద దుప్పటి కప్పారా లేదా అని అడిగారట.

దానికి ఆయన మూడు నియమాలు పెట్టి, ఎర్రసిరాతో రాసి, గోడకి అంటించారు. చోటు కదపరాదు. డయలు ఎప్పుడూ కిందినుంచి పైకే తెచ్చి ఆపాలి, దాటిపోతే మళ్ళీ బాగా వెనక్కి వెళ్ళి రావాలి, పైనుంచి దించి ఆపితే పళ్ళచక్రాల్లో ఉన్న సందు వల్ల లెక్క తప్పుతుంది. ఇక మూడోది: మూత మరలు విప్పినవాడు మర్నాడు ఈ గేటు లోపల ఉండడు.

మూడోది ఊరికే రాసింది కాదు. రేకులు ఎంత సున్నితమంటే వేలితో తాకి ఒకటి వెంట్రుకంత వంగినా, పక్కనే అతికించిన కాగితంమీద చేసినవాళ్ళు స్వయంగా రాసిచ్చిన అంకెలన్నీ అబద్ధాలైపోతాయి. మళ్ళీ సరిచేయించాలంటే సముద్రం దాటించాలి, అందుకు విదేశీ మారకానికి అనుమతి కావాలి. ఆ రోజుల్లో ఆ అనుమతి దొరకడం కంటే రేకులు తమంతట తాము సరైపోవడం తేలిక. నేను చేరకముందు ఒక అటెండరు మూత విప్పి గుడ్డతో దుమ్ము దులపబోయాడని పెద్ద మేష్టారు ఆ సాయంత్రమే అతన్ని పంపించేశారు. దులపలేదు కూడా, దులపబోయాడంతే.

అతని చోట్లోకి వచ్చినవాడే మావ. నిజానికి ఎవరికీ మావ కాడు. కోటబొమ్మాళి పక్క పల్లె మనిషి. అంతకుముందు కాలేజీలోనే తోటపని, లైబ్రరీ పని చేసి, మొత్తంమీద పందొమ్మిదేళ్ళ సర్వీసు మోసుకుని లాబులోకొచ్చాడు. యాభై దాటింది. భార్య నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేది. లాబు వెనకాల పెంకుల గది ఒకటి కాలేజీవాళ్ళిచ్చారు, అదే వాళ్ళ ఇల్లు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. ఆ వయసులో మరో చోట ఎవరూ పెట్టుకోరు. అతను కండెన్సర్ని దొర పెట్టె అనేవాడు. దానిమీద కప్పిన దుప్పటి మీద కూడా దుమ్ముండనిచ్చేవాడు కాడు. ఖాకీ కోటు జేబులో ఎప్పుడూ మూడు సైజుల స్క్రూడ్రైవర్లుండేవి. ఏ మరకి ఏ స్క్రూడ్రైవరో ముందు కొలిచి చూసి గానీ తిప్పడు.

ఆ ఏడు మా కాలేజీ కొత్త కోర్సు ఒకటి అడిగింది. ఇవ్వవచ్చో లేదో చూడడానికి వాల్తేరు యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వస్తారని కబురు. ఆయన పద్ధతి మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఉపన్యాసాలు వినడు, టీ తాగడు. జేబులోంచి లక్కముద్ర వేసిన చిన్న అభ్రకం కండెన్సరు ఒకటి తీసి, మీ పరికరంతో దీన్ని కొలవండి అంటాడు. దాని అసలు విలువ రాసిన కాగితం ఇంకో జేబులో ఉంటుంది. కొలిచినదానికీ కాగితానికీ పొంతన కుదిరితే సంతకం, లేకపోతే నమస్కారం. దసరా సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంటుందని ఆయన విజయదశమి మర్నాడు వస్తానన్నాడు.

దశమికి ముందురోజు ఆయుధపూజ. మా లాబులో అది పెద్ద సంబరం. గాల్వనామీటర్లకీ మైక్రోస్కోపులకీ సైకిలు పంపుకీ కూడా గంధం బొట్లు పడేవి. దొర పెట్టెకి మాత్రం దుప్పటి అంచుకి ఒక పువ్వు. అంతకుమించి పెద్ద మేష్టారు ఒప్పుకోరు. ఆ ఏడు వానలు విపరీతంగా పడి గాలి చెమ్మగా ఉండి, పెట్టె పదిహేను రోజులుగా రీడింగులు కాస్త అటూఇటూగా చూపిస్తోంది. అది అలిగిందని మేమందరం వేళాకోళాలాడేవాళ్ళం.

ఇంకో సంగతి. అది బియ్యం కరువు కాలం. కంట్రోలు షాపులో బియ్యం బదులు నూకలు పోసేవారు. అక్షింతలకి విరగని గింజలే కావాలని అందరికీ తెలుసు. కానీ విరగని గింజ ఇంట్లోకి వస్తే పసుపు రాసి పారేసే గుండె ఎవరికీ లేదు. అందుకని ఆ దసరాకి ఊరంతా నూకలకి పసుపు కలిపి అక్షింతలనిపించుకుంది. దేవుడు కూడా కరువు చూసి సర్దుకున్నాడు. పూర్తి బియ్యపు గింజ అయితే ఆ రేకుల సందులో పట్టేదే కాదు, పైన నిలిచి దొర్లిపోయేది. నూక పట్టింది.

పూజ రోజున ఏం జరిగిందంటే, నేను గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొడుతూ ఉన్నాను. లోపల మావ ఉన్నాడు. పెద్ద మేష్టారు హారతి అయ్యాక ఇంటికెళ్ళిపోయారు. అలిగిన పెట్టెకి దుప్పటిమీద పువ్వు పెడితే అలక తీరుతుందా, బొట్టు మొహానికి పెట్టాలి గానీ ముసుక్కి పెడతారా అన్నది లెక్క. ఆ లెక్క ప్రకారం మూత నాలుగు మరలూ విప్పడం, లోపల మెరుస్తున్న రేకులకి దండం పెట్టి పిడికెడు అక్షింతలు జల్లడం, మళ్ళీ మూత బిగించడం అన్నీ ఆ కాసేపట్లో అయిపోయాయి. పిడికెడంటే పిడికెడు కాదు, నాలుగైదు గింజలు. మిగతాది కోసుకోండి.

మర్నాడు, దశమి మధ్యాహ్నం, పెద్దాయన రాకముందు అన్నీ ఒకసారి నడిపి చూడమని పెద్ద మేష్టారు పురమాయించారు. నాలుగింటికి తానూ వస్తానన్నారు. లాబులో నేనూ మావా. బయట చినుకులు. అమ్మవారి పండక్కి పల్లెలనుంచి దిగుతున్న బళ్ళ గంటలు వీధిలోంచి వినబడుతున్నాయి. నేను చిన్న డయలు పట్టుకుని కిందినుంచి మెల్లగా పైకి తిప్పుతున్నాను. వంద, రెండు వందలు, మూడు వందలు. నాలుగువందల ముప్ఫై దగ్గర వేళ్ళకి ఏదో తగిలింది. చప్పుడు కాదు. ఇసకమీద చెప్పు వేస్తే పాదానికి తెలుస్తుంది చూడండి, అలాంటిది. నా ఒంట్లో రక్తమంతా కిందికి దిగి కాలేజీ పునాదుల్లో ఇంకిపోయింది.

వెనక్కి తిప్పాను. మళ్ళీ తెచ్చాను. మళ్ళీ అక్కడే.

మావ వచ్చి పక్కన నిలబడ్డాడు. నా మొహం చూశాడు, పెట్టె చూశాడు, కిటికీ తలుపు వేశాడు.

"ఇంక తిప్పకండి బాబూ," అన్నాడు. "సేతులు ఎనక్కెట్టుకోండి. ఇప్పుడు దాన్ని ముట్టుకోకండి."

తప్పు జరిగిన గదిలో ఇంత నిబ్బరంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

అతను సరైన స్క్రూడ్రైవరు ఎంచి నాలుగు మరలూ విప్పాడు. మరల తలలమీద కొత్తగా పడిన గీతలు మెరుస్తున్నాయి, ముందురోజు ఎవరో చాకుమొనతో తిప్పినట్టు. వాటిమీద బొటనవేలు ఒకసారి ఆనించి చూసి, మూత పక్కన పెట్టాడు. లోపల వెండిలాంటి రేకులు దొంతులు దొంతులుగా నిలబడి ఉన్నాయి. కదలని రేకుల రెండు వరసల మధ్య, లోపలికంటా, పసుపురంగు చుక్క ఒకటి. ఆవగింజకి రెండింతలుంటుంది. తిరిగే రేకు సరిగ్గా దాని అంచుకి వచ్చి ఆగింది. ఇంకో గీత తిప్పి ఉంటే అది నలిగేది, లేదా రేకు వంగేది.

అప్పుడు టైము మూడూ పది. పెద్ద మేష్టారు నాలుగంటే మూడూ యాభైకే వచ్చే మనిషి. అంటే మా చేతిలో ఉన్నది నలభై నిముషాలు. గింజ బయటికి రాకపోతే రేపు ఈ పాటికి మావ గది ఖాళీ చేస్తూ ఉంటాడు. అది ఇద్దరికీ తెలుసు.

ముందు ఊదుదామన్నాను. నోట్లో తడి పడితే రేకులు పాడవుతాయంటూ మావ తల అడ్డంగా ఊపాడు. పెట్టె వంచి దులుపుదామన్నాను. గోడమీద ఎర్రసిరా వైపు చూపించాడు. చిమటాతో పట్టి లాగుదామన్నాను. ఆ మాటకి నావైపు చూసిన చూపుకి నేను నోరు మూసుకుని స్టూలుమీద కూర్చున్నాను.

అతను వెనక గదిలోకి వెళ్ళి మూడు వస్తువులు తెచ్చాడు. చీపురులోంచి తీసిన ఈనెపుల్ల, భార్య మిల్లునుంచి కొంగున ముడేసుకొచ్చే గోగునారలో ఒక్క పోగు, కొవ్వొత్తి ముక్క. పోగుని కొవ్వొత్తిమీద పదిసార్లు లాగాడు, నూగు అణిగి అది తీగలా నున్నగా అయింది. ఈనెపుల్లని వంచి రెండు కొసలకీ ఆ పోగు కట్టాడు. బొమ్మలకొలువులో రాముడి బొమ్మ చేతిలో పెట్టే విల్లంత విల్లు తయారైంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరేదాకా గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. టైము మూడూ ఇరవై ఎనిమిది. చేతులు ఆరడానికి ఆ మనిషి రెండు నిముషాలు తీసుకున్నాడు. నాకది రెండు వర్షాకాలాలు.

విల్లు పోగుని ఆ రెండు రేకుల మధ్యకి, కత్తి ఒరలో పెట్టినట్టు, ఎటూ తగలకుండా దించాడు. గింజ దాటి వెనక్కి తీసుకెళ్ళాలి, తర్వాత ముందుకి లాగాలి. మొదటిసారి పోగు గింజమీదినుంచి జారింది. రెండోసారి గింజ కాస్త కదిలి ఇంకా లోపలికి పోయింది. మావ నుదుటిమీద చెమటబొట్టు ఒకటి పుట్టి, కనుబొమదాకా వచ్చి, వేలాడింది. అది రాలితే సరిగ్గా రేకులమీదే. నేను లేచి నా చేతిరుమాలు అతని నుదుటికి అద్దాను. ఆ మధ్యాహ్నం నేను చేసిన పని అదొక్కటే.

మూడోసారి పోగు గింజ వెనక్కి చేరింది. మావ విల్లుని తనవైపు లాగాడు. ఎంత నెమ్మదిగా లాగాడంటే గడియారం ముల్లు అతన్ని దాటిపోయింది. గింజ అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం రేకు చివర నిలబడి, మావ పట్టిన అరచేతిలో పడింది.

ఎగిరి గంతేద్దామనుకున్నాను. మావ ఇంకా లోపలే వెతుకుతున్నాడు. అడుగున ఒక మూల ఇంకో రెండు గింజలు దొరికితే తీశాడు. డయలు తిప్పమన్నాడు. నేను తిప్పుతుంటే అతను లోపల చూస్తున్నాడు. నాలుగు వందల ముప్ఫై దాటింది. అయిదు వందలు. ఆరు వందలు. ఏడు వందలు.

సైకిలు బెల్లు వినబడింది. అది పెద్ద మేష్టారి బెల్లే. మూడూ నలభై ఎనిమిది.

మిగతాది చూసే వ్యవధి లేదు. మూత, మరలు, దుప్పటి. మూత దించుతుంటే పెట్టె అంచుకి తగిలి చిన్న కుదుపు వచ్చింది. అప్పుడు లోపలినుంచి టిక్ మని ఒక చప్పుడైంది. ఎక్కడో రేకులమీదున్న మరో గింజ జారి సందులో పడినట్టు. నేను విన్నాను. మావా విన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా దుప్పటి మడతలు సర్దుతూ ఉండిపోయాం. పెద్ద మేష్టారు వచ్చి, నడిపి చూశారు కదా, ఇక ఈ పూటకి దాన్ని ముట్టవద్దు, రేపు ఆయనే తిప్పుతారు అని చెప్పి, లాబుకి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని వెళ్ళిపోయారు.

ఆ టిక్ నాతోబాటే ఇంటికొచ్చింది. దానితోబాటే తిన్నాను, దానితోబాటే పడుకున్నాను.

మర్నాడు పదిన్నరకి పెద్దాయన వచ్చాడు. సన్నగా, పొట్టిగా, చెవుల్లో జుట్టుతో. ఎవరినీ పలకరించలేదు. కొలతకి కరెంటు ఇచ్చే ఓసిలేటరు వేడెక్కేదాకా కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత లక్కముద్ర కండెన్సరు తీసి బల్లమీద పెట్టాడు. పద్ధతి ఇదీ: ముందు దాన్ని కలపకుండా పెట్టె డయలు తిప్పి, పక్కనున్న వాల్వు ఓల్టుమీటరు ముల్లు శిఖరానికి లేచిన చోట అంకె రాసుకోవాలి. తర్వాత దాన్ని కలిపి, ముల్లు మళ్ళీ శిఖరానికి లేచేదాకా డయలు తగ్గించి చూడాలి. రెండు అంకెల తేడాయే దాని విలువ. మొదటి శిఖరం తొమ్మిది వందల చిల్లర దగ్గర ఉంటుందని నాకు తెలుసు. అంటే ఆయన ఏడు వందలు దాటి తీరాలి.

పెద్దాయన కిందినుంచి మొదలుపెట్టాడు. మావ తలుపు పక్కన, నేను అల్మైరా పక్కన. ఆయన వేళ్ళు డయలుమీద ఆనీఆననట్టున్నాయి. వంద. మూడు వందలు. నాలుగు వందల ముప్ఫై దాటుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఏమీ కాలేదు. అయిదు. ఆరు. ఏడు వందలు. నా చెవుల్లో నెల్లిమర్ల మిల్లు సైరను మోగుతోంది. ఏడు వందల యాభై. ఏడు వందల అరవై.

ఆయన ఆగాడు.

వేళ్ళు తీసేశాడు. మళ్ళీ ఆనించి, డయలు అరచుట్టు వెనక్కి తిప్పి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. "దీన్లో ఏదో ఉంది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

పెద్ద మేష్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. వంగి చూశారు. మరలమీద గీతలు కనబడ్డాయి. తల ఎత్తి అడిగారు, గొంతు పెంచకుండా: "మూత ఎవరు విప్పారు?"

ఓసిలేటరు వాల్వుల సన్నటి హోరు తప్ప గదిలో చప్పుడు లేదు. అది ఎంతసేపు అంటే చెప్పను, చెబితే మీరు కోసేస్తారు.

"నానేనండి," అన్నాడు మావ. రెండడుగులు ముందుకొచ్చాడు. "ఆయుధపూజ నాడు మూత తీసింది నానే, అచ్చింతలు జల్లింది నానే. నిన్న దొరికిన గింజలు తీసీసేను. ఇంకోటి ఉండిపోనాదండి. ఈ బాబు ఆ రోజు గుమ్మం కాడ కొబ్బరికాయ కొడతన్నాడు. ఈయనకేటీ తెల్దు."

పెద్ద మేష్టారు సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. మావ తల ఊపాడు. కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు, కాలేజీవాళ్ళిచ్చిన కోటు కదా, అప్పజెప్పాలి.

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. నిన్నటి గింజ దేంతో తీశావని మావని అడిగాడు. మావ వెనక్కి వెళ్ళి ఆ విల్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూశాడు. పోగుమీద గోరు నడిపాడు. ఆ మొహంలో ఆ రోజు మొదటిసారి ఏదో ప్రాణం కనబడింది.

"ఇక్కడే, నా కళ్ళముందు తియ్యి," అన్నాడు.

మావ జేబులోంచి మూడు స్క్రూడ్రైవర్లూ తీసి, ఒకటి ఎంచి, మర గాడిలో సరిగ్గా అతికేలా పెట్టాడు. పెద్దాయన ఆ స్క్రూడ్రైవరు మొన చూశాడు. మరమీద పడి ఉన్న చాకు గీతలు చూశాడు. తర్వాత అల్మైరా పక్కనున్న నావైపు చూశాడు. ఒక్క క్షణమే. మళ్ళీ పెట్టెవైపు తిరిగాడు.

ఈ గింజ నిన్నటిదానికన్నా లోతుగా ఉంది. ఈసారి రెండు రేకుల మధ్య నిలువుగా నిలబడింది. మావ చేతులు కడుక్కున్నాడు, ఆరబెట్టుకున్నాడు, వంగాడు. పక్కన పెద్ద మేష్టారు నిలబడి ఉండగా, పందొమ్మిదేళ్ళ సర్వీసు ఆ పోగు కొసన వేలాడుతుండగా, ఆ చెయ్యి ముందురోజుకన్నా నిలకడగా ఉంది. ఒక్కసారికే పోగు వెనక్కి చేరింది. లాగాడు. గింజ రాలేదు. పోగు బిగిసింది. తెగుతుందనుకున్నాను. మావ బలం పెంచలేదు, తగ్గించాడు. పోగుని అటూఇటూ రెండు మూడుసార్లు నిమిరినట్టు కదిపాడు, గింజ పక్కకి ఒరిగింది, దానంతటదే అంచుకొచ్చేసింది. పెద్దాయనే అరచెయ్యి పట్టాడు. పసుపు నూకగింజ ఆయన చేతిలో పడింది.

మూత బిగించాక పెద్దాయన మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. ఏడు వందల అరవై దాటింది. తొమ్మిది వందల చిల్లర దగ్గర ముల్లు లేచింది. అభ్రకం కండెన్సరు కలిపాడు. బాగా కిందికి దించి, నెమ్మదిగా పైకి తెచ్చాడు. ముల్లు కదిలి, ఎక్కి, ఎక్కి, శిఖరంమీద నిలబడింది. అంకె రాసుకున్నాడు, తీసివేత చేశాడు, రెండో జేబులోంచి కాగితం తీసి పక్కన పెట్టి పెద్ద మేష్టారివైపు తిప్పాడు. ఒక్క మైక్రోమైక్రోఫారడు కూడా తేడా లేదు. ఏ రేకూ వంగలేదు.

వెళ్ళేముందు పెద్దాయన పుస్తకంలో రాసిన మాటల్లో ఒక వాక్యం ఇది: ఈ కాలేజీలో పరికరాలను భక్తితో చూసుకుంటారు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక పెద్ద మేష్టారు ఆ వాక్యాన్ని వంద సార్లు చదివారు. కోర్సు వచ్చింది. ఆ గింజని మాత్రం పెద్దాయన కాగితంలో చుట్టి పట్టుకుపోయాడు.

మావని పంపించెయ్యలేదు, పెద్దాయన ఏదో చెప్పి వెళ్ళాడట. గది ఉంది, కోటు ఉంది. కానీ మూడో నియమం గోడమీద అలాగే ఉంది, పెద్ద మేష్టారు దాన్ని పూర్తిగా మింగలేకపోయారు. మావ ఇక లాబు గుమ్మం ఎక్కడానికి వీల్లేదని, గంట కొట్టే పనిలో వేశారు. స్క్రూడ్రైవర్లు లాబు సామానులో జమ అయ్యాయి. మిగిలిన సర్వీసంతా అతను వరండా చివర వేలాడే రైలుపట్టా ముక్కమీద సుత్తితో గంటలు కొట్టాడు. ప్రతి గంటా నిముషం తేడా లేకుండా. ఆ గంట విని లేచి, చాక్‌పీసు తీసుకుని క్లాసులోకి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. నా ఉద్యోగం ఆ నెలాఖరుకే ఖాయమైంది.

ఇక మాటిచ్చినట్టు, ఇందులో కల్పన ఏదో చెప్పాలి. ఏనుగుపిల్ల కల్పన కాదు, పెంచినది. గడియారం ముల్లూ, మిల్లు సైరనూ, వంద సార్లు చదవడం, అన్నీ పెంచినవే. గింజలు నిజం. విల్లు నిజం. టిక్ నిజం.

కల్పన ఏదంటే, గుమ్మం దగ్గర కొబ్బరికాయ. ఆ పూజ రోజున గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టినది మావ. లోపల ఉన్నది నేను. రెండేళ్ళుగా ఆ పెట్టె లోపలెలా ఉంటుందో చూడాలని దురద, పెద్ద మేష్టారు ఇంటికెళ్ళారన్న ధైర్యం, జేబులో పెన్సిలు చెక్కుకునే చాకు. బొట్టు ముసుక్కి పెడతారా అన్న లెక్క నాది. అక్షింతలు జల్లుతుంటే మావ గుమ్మంలోంచి చూసి, "వద్దు బాబూ," అన్నాడు. అప్పటికే జల్లేశాను. నవ్వాను కూడా.

ఆ కల్పన నాదని చెప్పుకోవడానికి కూడా లేదు. దాన్ని ఆ రోజు పెద్దాయన ముందు రెండడుగులు వేసి చెప్పినవాడు మావ. నేను అల్మైరా పక్కన నిలబడి విన్నాను. ఇన్నేళ్ళుగా దాన్నే, ఒక్క ముక్క పెంచకుండా, అందరికీ చెబుతూ వచ్చాను.